స్టేటస్ బార్, స్టికీ విండోలు: సొంతంగా కట్టుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్‌లో పూర్తిస్థాయి డెస్క్‌టాప్ వదిలేసి చిన్న విండో మేనేజర్‌కి (విండోల చోటు, పరిమాణం చూసుకునే ప్రోగ్రామ్) మారినవాళ్లకి మొదటిరోజే రెండు లోట్లు తెలుస్తాయి. టైమెంతయిందో చూద్దామంటే గడియారం ఉండదు. పాఠం వీడియో ఓ మూల పెట్టుకుని పక్క వర్క్‌స్పేస్‌కి, అంటే విండోల ఇంకో గుంపు ఉన్న తెరకి, వెళ్తే వీడియో కూడా మాయమవుతుంది. మొదటిదానికి స్టేటస్ బార్, రెండోదానికి వర్క్‌స్పేస్ మారినా కదలని స్టికీ విండో కావాలి. ఈ రెండూ తీర్చుకునే దారిలో నాకు ఎదురైన ప్రశ్నలు, మిత్రులు నన్ను అడిగిన ప్రశ్నలు ఇక్కడ పెట్టాను. సీ భాష, షెల్ స్క్రిప్టు కాస్త వచ్చినవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎక్కువ భాగం లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11 గురించే. దాని స్థానంలో వస్తున్న వేలాండ్ సంగతి చివరి వైపు ఉంది.

బార్ వేరు, స్టికీ విండో వేరు కదా. రెండూ ఒకేచోట ఎందుకు?

రెండిటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే కాబట్టి. మీరు వర్క్‌స్పేస్ మారినా తెర మీద కదలకుండా ఉండాల్సినవి ఏవి? బార్ అంటే అన్ని వర్క్‌స్పేసుల్లోనూ కనిపిస్తూ, ఫోకస్ తీసుకోకుండా, తన చోటు తాను కేటాయించుకున్న విండో. మీ తెర మీద మొట్టమొదటి స్టికీ విండో అదే.

వర్క్‌స్పేసులు పెట్టుకునేదే కొన్నిటిని కళ్ల ముందు నుంచి తప్పించడానికి. తప్పించకూడదని మనం నిలబెట్టే ప్రతిదీ తెరలో చోటు తింటుంది, మన ధ్యాస కూడా తింటుంది. అందుకే నేను నాకు రెండు హద్దులు పెట్టుకున్నాను. బార్‌లో ఐదు అంశాలకి మించకూడదు. ఒక సమయంలో స్టికీ విండో ఒకటికి మించకూడదు. కింద చెప్పేవన్నీ ఈ రెండు హద్దుల్ని నమ్మి చెప్పినవే.

స్టికీ అన్న ఆలోచన ఎప్పటిది?

వర్చువల్ డెస్క్‌టాప్ పుట్టినప్పటిదే. టీడబ్ల్యూఎం అనే పాత విండో మేనేజర్ రాసిన టామ్ లాస్ట్రేంజ్ 1990లో సాల్‌బోర్న్ కంప్యూటర్ సంస్థలో ఎస్‌డబ్ల్యూఎం అనే విండో మేనేజర్ తయారుచేశారు. తెర కంటే పెద్ద డెస్క్‌టాప్ మీద కిటికీలా జరుగుతూ చూసే పద్ధతి అందులో వచ్చింది. డెస్క్‌టాప్ మొత్తం జరిగిపోతుంటే గడియారం కూడా జరిగిపోతే ఎలా? కాబట్టి కొన్ని విండోలు జరగకుండా ఉండాలి. 1993లో వచ్చిన ఎఫ్‌వీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్ మాన్యువల్ దీన్ని మానిటర్ అద్దానికి అంటుకున్న విండోగా వర్ణిస్తుంది. గడియారం, మెయిల్ వచ్చిందని చెప్పే బొమ్మ అక్కడ ఇచ్చిన ఉదాహరణలు. ఇవాళ మనం బార్‌లో పెట్టుకునేవి కూడా దాదాపు అవే.

బార్ గీయడం విండో మేనేజర్ పనా, వేరే ప్రోగ్రామ్ పనా?

రెండు పద్ధతులూ ఉన్నాయి. ఎక్స్11లో విండో మేనేజర్ కూడా మామూలు ప్రోగ్రామే. రూట్ విండో (తెరంతా పరుచుకుని అన్నిటికీ వెనక ఉండేది) మీద జరిగే మార్పుల్ని ముందు నాకే చూపించు అని తెరని నడిపే ఎక్స్ సర్వర్‌ని అడిగే హక్కు మాత్రం ఒక్క సమయంలో ఒక్క ప్రోగ్రామ్‌కే దొరుకుతుంది. అది ఎవరికి దొరికితే వారే విండో మేనేజర్.

2006లో వచ్చిన డీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్ బార్‌ని తానే గీస్తుంది. అందులో చూపించాల్సిన వాక్యాన్ని మాత్రం రూట్ విండో పేరులోంచి చదువుకుంటుంది. మీరు షెల్‌లోంచి రూట్ విండోకి ఏ పేరు పెడితే అదే తెర మీద పడుతుంది. ఇంత తేలికైన ఏర్పాటు నాకు ఇంకెక్కడా కనబడలేదు. సాకెట్టు లేదు, ప్రొటోకాల్ లేదు. బీఎస్‌పీడబ్ల్యూఎం, ఓపెన్‌బాక్స్ లాంటివి బార్ జోలికే పోవు. వాటికి పోలీబార్ లాంటిది విడిగా తగిలించుకోవాలి. ఐ3 మధ్యేమార్గం: బార్ వేరే ప్రోగ్రామే (ఐ3బార్), కానీ జతగా వస్తుంది. అందులోకి వచ్చే సమాచారం ఇంకో ప్రోగ్రామ్ నుంచి జేసన్ రూపంలో వస్తుంది.

మొదటిసారి కట్టుకునేవాళ్లు డీడబ్ల్యూఎం పద్ధతితో మొదలుపెట్టడం మంచిది. విండో మేనేజర్‌కి వర్క్‌స్పేసుల సంగతి ముందే తెలుసు కనుక ఆ సమాచారాన్ని బయటికి చేరవేసే తలనొప్పి ఉండదు.

బార్‌లో ఏం పెట్టాలి?

ఏ వర్క్‌స్పేస్‌లో ఉన్నాను, టైమెంత, బ్యాటరీ ఎంత, నెట్ ఉందా, కీబోర్డు ఏ భాషలో ఉంది. నాకు ఈ ఐదే. సీపీయూ వేడి, మెమరీ వాడకం, వాతావరణం నేనూ కొన్నాళ్లు పెట్టుకున్నాను. వాటిని చూసి నేను ఏ రోజూ ఏ నిర్ణయమూ తీసుకోలేదని గమనించాక తీసేశాను. కరెంటు పోయినప్పుడు మాత్రం బ్యాటరీ, నెట్ రెండూ కావాలి. ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది కానీ రౌటర్ ఆగిపోయి ఉంటుంది, పంపిన మెయిల్ పోలేదన్న సంగతి మనకి తెలియదు.

అంకెలు మారినప్పుడల్లా బార్ అంతా అటూ ఇటూ జరుగుతోంది. ఎలా ఆపాలి?

బార్ కుడివైపు నుంచి అమర్చి ఉంటే 100 కాస్తా 99 అవగానే ఎడమవైపున్నవన్నీ ఒక అక్షరం జరుగుతాయి. కంటి చివర ఏదో కదిలినట్టు ఉంటుంది, చూపు అటు పోతుంది. ప్రతి అంశానికీ రావచ్చిన అతి పొడవైన విలువ వెడల్పు ముందే కేటాయించండి. ఐ3బార్‌లో కనీస వెడల్పు అనే అమరిక ఉంది. దానికి పిక్సెళ్లే కాదు, ఒక నమూనా మాట కూడా ఇవ్వొచ్చు. నూరు శాతం అన్న నమూనా ఇస్తే చాలు. అంకెలన్నీ ఒకే వెడల్పుండే ఫాంటు ఎంచుకోండి.

విండోలు పెద్దవి చేయగానే బార్‌ని కప్పేస్తున్నాయి. ఎందుకు?

బార్ తనకి ఇంత చోటు కావాలని చెప్పలేదు కాబట్టి. ఫ్రీడెస్క్‌టాప్ ప్రమాణాల్లో ఎక్స్‌టెండెడ్ విండో మేనేజర్ హింట్స్ అని ఒక పత్రం ఉంది. దాని ప్రకారం బార్ రెండు పనులు చేయాలి. మొదటిది, తన రకం డాక్ అని ప్రకటించుకోవడం. రెండోది, స్ట్రట్ అనే ప్రాపర్టీలో (విండోకి తగిలించే సమాచారం) తెర అంచుల నుంచి ఎంత చోటు వదిలేయాలో రాయడం. పాత స్ట్రట్‌లో నాలుగు అంకెలు: ఎడమ, కుడి, పైన, కింద. కొత్తదైన పార్షియల్ స్ట్రట్‌లో పన్నెండు. మొదటి నాలుగూ అవే, మిగతా ఎనిమిదీ ఒక్కో అంచులో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది చెబుతాయి.

1920 × 1080 తెర పైన 24 పిక్సెళ్ల బార్ ఉందనుకోండి. పన్నెండు అంకెలు వరసగా ఇవి: 0, 0, 24, 0, 0, 0, 0, 0, 0, 1919, 0, 0. మూడోది ఎత్తు. తొమ్మిది, పది స్థానాల్లో ఉన్న 0, 1919 పై అంచులో మొదలు, చివర.

ఇవన్నీ విండోని తెర మీదకి తేవడానికి ముందే రాయాలి. ముందు తెరిచి తర్వాత రాస్తే కొన్ని విండో మేనేజర్లు దాన్ని మామూలు విండో అనుకుని టైలింగ్‌లో (విండోల్ని పలకల్లా పక్కపక్కన పేర్చే అమరికలో) ఇరికించేస్తాయి. ఇంకొక మాట. విండో మేనేజర్‌ని పక్కన పెట్టే ఓవర్‌రైడ్ రీడైరెక్ట్ జెండా ఎత్తి, పైగా స్ట్రట్ కూడా రాస్తే పనిచేయదని చాలామంది అంటారు. నన్ను పట్టించుకోకు అని చెప్పిన విండో మాటని విండో మేనేజర్ పట్టించుకోకపోవడం సబబే కదా. ఆ జెండా దింపి డాక్ రకం మాత్రమే వాడండి. పోతే, మార్పులేవీ చేయని డీడబ్ల్యూఎం బయటి బార్ల స్ట్రట్‌ని అసలు చదవదు. అందులో సొంత బారే గతి, లేదా ప్యాచ్ (కోడ్‌కి చేసే మార్పు) వేసుకోవాలి.

బార్ పైన ఉంది, ఖాళీ మాత్రం కుడివైపు వస్తోంది. ఇదేం విచిత్రం?

ఈ తప్పు నేను చేశాను, ఒక రాత్రంతా వెతికాను. అందుకే వివరంగా చెబుతాను.

ఎక్స్11తో మాట్లాడే సీ లైబ్రరీ ఎక్స్‌లిబ్‌లో ఒక ప్రాపర్టీ 32 బిట్లదని చెప్పినా దానికిచ్చే అంకెలు మాత్రం లాంగ్ రకంలో ఉండాలి. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ అంటే 8 బైట్లు. మీరు ఇంట్ రకంలో, అంటే 4 బైట్ల చొప్పున, పన్నెండు అంకెల వరస ఇచ్చారనుకోండి. లైబ్రరీ 8 బైట్ల చొప్పున చదువుతూ ఒక అంకె తీసుకుని, పక్కదాన్ని దాటేస్తూ పోతుంది. పైన చెప్పిన వరసలో మూడో స్థానంలో ఉన్న 24 కాస్తా రెండో స్థానానికి వచ్చేస్తుంది. రెండో స్థానం కుడి అంచుది. అందుకే కుడివైపు సరిగ్గా 24 పిక్సెళ్ల ఖాళీ. ఆరు అంకెలయ్యాక మీ వరస అయిపోతుంది, మిగతా ఆరూ మెమరీలో పక్కన ఏముంటే అవే.

వరసని లాంగ్ రకంగా మార్చితే సమస్య తీరిపోతుంది. అదే పనికున్న ఇంకో లైబ్రరీ ఎక్స్‌సీబీ వాడేవాళ్లకి దీనికి తలకిందులు: అక్కడ కచ్చితంగా 32 బిట్ల అంకెలే ఇవ్వాలి. ఒకదానికి రాసిన కోడ్ ఇంకోదానికి తెచ్చుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

రెండు మానిటర్లు ఉన్నప్పుడు స్ట్రట్ ఎలా లెక్కకట్టాలి?

స్ట్రట్ కొలత మానిటర్ అంచు నుంచి కాదు, రెండు మానిటర్లూ కలిసిన రూట్ విండో అంచు నుంచి. ఎడమ మానిటర్ 1920 × 1080, కుడిది 1280 × 1024, పై అంచులు సమానం అనుకుందాం. కుడి మానిటర్ కింది అంచున 24 పిక్సెళ్ల బార్ పెట్టాలి. రూట్ ఎత్తు 1080. కుడి మానిటర్ 1024 దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో 56 పిక్సెళ్లు ఎవరికీ కనిపించని చోటు. అది కూడా కలిపి కింది స్ట్రట్ 80 రాయాలి, మొదలు 1920, చివర 3199. 24 అని రాస్తే కనిపించని చోటునే కేటాయించినట్టవుతుంది, బార్ మీదకి విండోలు ఎక్కుతాయి.

స్క్రిప్టు టెర్మినల్‌లో బాగానే నడుస్తోంది, బార్‌కి కలిపితే ఏమీ రావడం లేదు.

స్క్రిప్టు తప్పు కాదు, బఫరింగ్. ప్రోగ్రామ్ రాసేది టెర్మినల్‌కైతే లైను అవగానే బయటికి వస్తుంది. పైపులోకైతే కొన్ని వేల బైట్లు పోగయ్యేదాకా లోపలే ఉంచుకుంటుంది. మీ స్టేటస్ లైను 40 బైట్లుంటే వందో లైను దాకా బార్ ఖాళీగానే ఉండొచ్చు. సీ అయితే ప్రతి లైను తర్వాత ఫ్లష్ చేయండి. పైథాన్ అయితే బఫరింగ్ లేకుండా నడపండి. మధ్యలో గ్రెప్, ఆక్ ఉంటే వాటికీ విడివిడిగా చెప్పాలి. పైపులో ఒక్క చోట మరిచినా నీళ్లు అక్కడే ఆగుతాయి.

సెకనుకోసారి అన్నీ చదివితే నష్టమేంటి?

ఒక్కసారికి నష్టం కనబడదు. స్క్రిప్టులో ప్రతి సెకనుకీ ఐదు చిన్న ప్రోగ్రాములు పిలుస్తున్నారనుకోండి. రోజుకి 86,400 సెకన్లు, అంటే 4,32,000 ప్రాసెసులు పుట్టి చచ్చిపోతాయి. బ్యాటరీ ఎంతుందో చెప్పడానికే బ్యాటరీ కరిగిపోతుంది.

దేనికి తగ్గ వేగం దానికి పెట్టండి. గడియారంలో సెకన్లు చూపించకపోతే నిమిషానికోసారి చాలు. బ్యాటరీ శాతం సిస్ ఫోల్డర్‌లో పవర్ సప్లై కింద ఉన్న కెపాసిటీ ఫైల్‌లో దొరుకుతుంది, దానికి అరనిమిషం చాలు. ఫైల్ తెరిచి చదవడమే, వేరే ప్రోగ్రామ్ అక్కర్లేదు. సౌండ్, కీబోర్డు భాష, నెట్ మారినప్పుడు మాత్రం వెంటనే తెలియాలి. వాటిని పదేపదే అడగకుండా, మారితే చెప్పమని కాచుకుని ఉండాలి. సౌండ్ కీ నొక్కినప్పుడు స్టేటస్ ప్రోగ్రామ్‌కి ఒక సిగ్నల్ పంపే పద్ధతి తేలికైనది. ఐ3స్టేటస్ లాంటివి యూజర్ 1 సిగ్నల్ రాగానే అన్నీ మళ్లీ చదువుతాయి.

గడియారం దగ్గర ఒక చిక్కు ఉంది. తర్వాతి నిమిషానికి ఎన్ని మిల్లీసెకన్లుందో లెక్కకట్టి అంతసేపు పడుకుంటే మామూలుగా సరిగ్గా నడుస్తుంది. ల్యాప్‌టాప్ మూసి పొద్దున్నే తెరిస్తే మాత్రం రాత్రి టైమే కనిపిస్తుంది, దాదాపు నిమిషం దాకా. అలా పడుకునే లెక్క మోనోటానిక్ గడియారం మీద నడుస్తుంది, సిస్టం నిద్రలో ఉన్నంతసేపూ ఆ గడియారం ఆగే ఉంటుంది. అసలు గడియారం మీద, ఫలానా సమయానికి లేపు అని టైమర్ పెట్టుకుంటే తెర తెరవగానే సరైన టైము వస్తుంది. పొద్దున్నే చూసే మొదటి అంకె తప్పుగా ఉంటే మిగతా బార్ మీద కూడా నమ్మకం పోతుంది.

బార్‌లో తెలుగు అక్షరాలు విడిపోయి వస్తున్నాయి. ఫాంటు మార్చినా ఫలితం లేదు.

ఫాంటు తప్పు కాదు కాబట్టే ఫలితం లేదు. 'స్త్రీ' అన్న మాటనే తీసుకోండి. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి తలకట్టు తీసేసి, గుడి పెట్టి, కింద ఒత్తులు అమర్చే పనిని షేపింగ్ అంటారు. లినక్స్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ లైబ్రరీ, దాన్ని వాడుకుని వాక్యాలు పేర్చేది పాంగో.

డీడబ్ల్యూఎం ఈ రెండూ వాడదు, ఎక్స్ఎఫ్‌టీ అనే ఫాంటు లైబ్రరీ వాడుతుంది. అది ఒక్కో సంకేతానికీ ఒక్కో బొమ్మ తీసి పక్కపక్కనే పెట్టేస్తుంది. దాంతో స, పొల్లు, త అని విడివిడిగా వస్తాయి. ఐ3బార్‌లో ఫాంటు పేరు ముందు పాంగో అని రాస్తే సరిగ్గా వస్తుంది. వేలాండ్‌లో ఐ3 లాంటిదైన స్వేతో వచ్చే బార్ పాంగోనే వాడుతుంది. వేబార్ అనే ఇంకో బార్‌ని పాంగో వాడే జీటీకే మీద కట్టారు కనుక అక్కడా ఇబ్బంది లేదు. సొంతంగా రాసేవాళ్లు మొదటిరోజే బొమ్మలు గీసే కైరో, పాంగో పెట్టుకోండి. కోడ్ నాలుగు లైన్లు పెరుగుతుంది, మన భాష నిలబడుతుంది. చిన్నదిగా ఉండాలన్న పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. కానీ తెలుగు చూపించలేని సాఫ్ట్‌వేర్‌ని నేను పూర్తయిందని అనుకోలేను.

షేపింగ్ కుదిరాక ఇంకో రెండు చోట్ల ఇబ్బంది వస్తుంది. ఒకటి ఎత్తు. డీడబ్ల్యూఎం బార్ ఎత్తు మొదటి ఫాంటు ఎత్తుకి రెండు పిక్సెళ్లు కలిపి తీసుకుంటుంది. మొదటి ఫాంటు ఇంగ్లీషుదై, తెలుగు ఫాంటు వెనక నుంచి ఆదుకుంటున్నదైతే కింది ఒత్తులు తెగిపోతాయి. క్షీణ, రాష్ట్రం లాంటి మాటలు పెట్టి చూడండి, వెంటనే తెలుస్తుంది. తెలుగు ఫాంటుని వరసలో మొదట పెట్టండి, లేదా అన్ని ఫాంట్లలో ఎత్తైనదాన్ని బట్టి బార్ ఎత్తు లెక్కకట్టండి.

రెండోది పొడవు. డీడబ్ల్యూఎం స్టేటస్ వాక్యానికి 256 బైట్ల చోటు పెడుతుంది, చివరి సున్నా పోను 255. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతానికి మూడు. అంటే 85 సంకేతాలే పడతాయి. పైన చెప్పిన ఒక్క 'స్త్రీ'కే 18 బైట్లు ఖర్చు. తేదీ, వారం తెలుగులో పెట్టి మిగతావి కూడా తెలుగు మాటల్లో రాస్తే వాక్యం చివర, గడియారం ఉన్న చోటే తెగిపోవచ్చు. ఆ 256ని 1024 చేసి మళ్లీ కంపైల్ చేసుకోండి.

వారం పేరు తెలుగులో రావడానికి ఏం చేయాలి?

సిస్టంలో తెలుగు లొకేల్ (భాష, ప్రాంతం అమరిక) తయారుచేసి, సమయానికి సంబంధించిన లొకేల్ మాత్రం తెలుగు పెట్టండి. మొత్తం లొకేల్ మార్చాల్సిన పని లేదు. తేదీ చూపించే కమాండ్ సోమవారం, మంగళవారం అని తనే ఇస్తుంది.

కీబోర్డు తెలుగులో ఉందో ఇంగ్లీషులో ఉందో బార్‌లో చూపించడం ఎలా?

రెండు భాషల్లో టైప్ చేసేవాళ్లకి బార్‌లో ఇంతకంటే పనికొచ్చే అంశం ఉండదు. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి, కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉండిపోతే మూడుసార్లు తప్పు కొట్టాక గాని తట్టదు.

ఎక్స్11 కీబోర్డు వ్యవస్థ ఎక్స్‌కేబీలో ఒకేసారి నాలుగు లేఅవుట్లు దాకా పెట్టుకోవచ్చు. ఇప్పుడు నడుస్తున్నది ఎన్నోదో గ్రూప్ సంఖ్య చెబుతుంది, అది మారినప్పుడు ఈవెంట్ వస్తుంది. ఆ ఈవెంట్ కోసం కాచుకుని 'తె' లేదా 'ఇం' అని ఒక్క అక్షరం మార్చండి. రంగు కూడా మారిస్తే చదవక్కర్లేకుండానే తెలుస్తుంది. ఐబస్, ఎఫ్‌సీఐటీఎక్స్ లాంటి టైపింగ్ ప్రోగ్రాముల్లో ఫొనెటిక్ పద్ధతి వాడేవాళ్లకి మాత్రం ఎక్స్‌కేబీ గ్రూప్ మారకపోవచ్చు. వాళ్లు ఆ ప్రోగ్రామ్‌నే అడగాలి.

డీడబ్ల్యూఎంలో ఆల్ట్, షిఫ్ట్, 0 నొక్కితే విండో అన్ని ట్యాగుల్లోనూ వస్తోంది. అదే స్టికీ కదా, ఇంకా ప్యాచ్ ఎందుకు?

కంటికి అదే. లోపల కాదు. డీడబ్ల్యూఎంలో వర్క్‌స్పేసులు లేవు, ట్యాగులున్నాయి. ప్రతి విండోకీ తొమ్మిది బిట్ల ముద్ర ఉంటుంది. మీరు చూస్తున్న ట్యాగులకీ తొమ్మిది బిట్లు. రెండిటికీ ఒక్క బిట్టయినా కలిస్తే ఆ విండో కనిపిస్తుంది. కనిపించాలా వద్దా అని తేల్చేది కోడ్‌లో ఒకే ఒక్క లైను.

మీరు చెప్పిన కీ నొక్కితే విండో ముద్రలో తొమ్మిది బిట్లూ వెలుగుతాయి, అంటే విలువ 511. ఎక్కడికి వెళ్లినా కలుస్తుంది, బాగానే ఉంది. కానీ రెండు నష్టాలున్నాయి. మొదటిది, ఆ విండో అసలు ఏ ట్యాగ్‌లో పుట్టిందో చెరిగిపోయింది. తిరిగి మామూలు చేయాలంటే ఎక్కడికి పంపాలో మీరే గుర్తుపెట్టుకోవాలి. రెండోది, బార్‌లో ఏ ట్యాగ్‌లో విండోలున్నాయో చూపించే చిన్న చదరం తొమ్మిదింటి మీదా వచ్చేస్తుంది. ఖాళీ ట్యాగ్ ఏదో ఇక తెలియదు. స్టికీ విండో ఒకటి పెట్టుకున్నందుకు బార్ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.

స్టికీ ప్యాచ్ విండోకి వేరే జెండా ఇస్తుంది. పైన చెప్పిన ఒక్క లైనులో 'బిట్లు కలిసినా, లేదా జెండా ఎత్తి ఉన్నా' అని చేరుస్తుంది. ముద్ర అలాగే ఉంటుంది, బార్ నిజం చెబుతుంది, జెండా దింపగానే విండో తన ఇంటికి పోతుంది. ఒక బిట్టు, ఒక షరతు, దాన్ని తిప్పే పది లైన్ల ఫంక్షన్. మీరు సొంత విండో మేనేజర్ రాస్తుంటే ఇదే పద్ధతి తీసుకోండి. విండో ఉండే చోటు ఒక సంగతి, కనిపించడం ఇంకో సంగతి.

స్టికీ విండో ఉంటే వర్క్‌స్పేస్ మారిన ప్రతిసారీ ఫోకస్ దానికే పోతోంది.

డీడబ్ల్యూఎం చివరగా వాడిన విండోల వరసలో, ఇప్పుడు కనిపిస్తున్న మొదటిదానికి ఫోకస్ ఇస్తుంది. స్టికీ విండో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. ఒక్కసారి దాని మీద క్లిక్ చేశారా, ఆ తర్వాత ఏ ట్యాగ్‌కి వెళ్లినా వరసలో ముందుండేది అదే.

నాకు దీని ఫలితం ఒక లైవ్ ఉపన్యాసం మధ్యలో తెలిసింది. వీడియో మూలన పెట్టుకుని నోట్స్ రాసుకుంటున్నాను. ట్యాగ్ మారి, ఎడిటర్‌లోకి వచ్చాననుకుని టైప్ చేయడం మొదలుపెట్టాను. అక్షరాలన్నీ వీడియో ప్లేయర్‌కి వెళ్లాయి. స్పేస్‌కి ఆగింది, మళ్లీ నడిచింది, క్యూ అక్షరానికి మూసుకుపోయింది. లైవ్ కాబట్టి పోయిన ఐదు నిమిషాలు తిరిగి రాలేదు.

ఆ రోజు నుంచి నా విండో మేనేజర్‌లో ఒక నియమం పెట్టాను. వర్క్‌స్పేస్ మారేటప్పుడు ఫోకస్ కోసం ముందు స్టికీ కాని విండోలనే వెతకాలి. అలాంటిది ఒక్కటీ లేకపోతేనే స్టికీకి ఇవ్వాలి. మౌస్‌తో కావాలని నొక్కితే ఎలాగూ వస్తుంది.

టైలింగ్‌లో ఉన్న విండోని స్టికీ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ వద్దు. ప్రతి వర్క్‌స్పేస్‌లోనూ అది వాటా అడుగుతుంది. మీరు జాగ్రత్తగా అమర్చుకున్న రెండు విండోలు మూడవుతాయి, వెడల్పులు మారతాయి, టెర్మినల్‌లో లైన్లు విరుగుతాయి. ఐ3, స్వే స్టికీని ఫ్లోటింగ్ (వరసలో పేర్చకుండా పైన తేలే) విండోలకే పనిచేసేట్టు పెట్టడం సరైన నిర్ణయమని నా నమ్మకం. సొంతంగా రాసేటప్పుడు స్టికీ జెండా ఎత్తగానే విండోని ఫ్లోటింగ్ చేసేయండి. వీలైతే దాని డైలాగ్ పెట్టెలకి కూడా జెండా ఎత్తండి. లేకపోతే విండో ఇక్కడ, అది అడిగే ప్రశ్న ఇంకో వర్క్‌స్పేస్‌లో ఉండిపోతుంది.

స్టికీ, ఎప్పుడూ పైన, రెండూ ఒకటేనా?

కాదు. స్టికీ అంటే అన్ని వర్క్‌స్పేసుల్లో ఉండడం. ఎబౌ అంటే మిగతా విండోల మీద ఉండడం. స్టికీ విండో వేరే విండో కింద దాగి ఉండొచ్చు. వీడియోకి సాధారణంగా రెండూ కావాలి. ఫుల్ స్క్రీన్‌లో ఉండి ఫోకస్ కూడా ఉన్న విండో మాత్రం డాక్ కంటే, ఎబౌ కంటే పైన ఉండాలని ప్రమాణం చెబుతుంది. సినిమా చూస్తుంటే బార్ కనిపించకపోవడం సరైనదే.

ప్రమాణంలో స్టికీ స్టేట్ ఒకటి, అన్ని డెస్క్‌టాపులు అన్న విలువ ఇంకొకటి ఉన్నాయి. ఏది వాడాలి?

అర్థంలో తేడా ఉంది. స్టికీ స్టేట్ పెద్ద డెస్క్‌టాప్ జరుగుతున్నా విండో తెర మీద ఉన్నచోటే ఉండాలని చెప్పేది, సాల్‌బోర్న్ రోజుల నాటి అర్థం. డెస్క్‌టాప్ సంఖ్య స్థానంలో 4294967295, అంటే 32 బిట్లూ ఒకట్లు, రాస్తే అన్ని డెస్క్‌టాపుల్లోనూ కనిపించమని. చాలా విండో మేనేజర్లలో జరిగే డెస్క్‌టాప్ లేదు కనుక ఆచరణలో కలిసిపోయాయి. బార్ రాసేవాళ్లు రెండూ పెట్టండి, నష్టం లేదు. విండో అప్పటికే తెరిచి ఉంటే ప్రాపర్టీ నేరుగా మార్చకండి, రూట్ విండోకి సందేశం పంపాలి. స్టికీ స్టేట్ సందేశంలో మొదటి అంకె 0 అయితే తీసేయ్, 1 అయితే పెట్టు, 2 అయితే తిప్పు. ఎంపీవీ ప్లేయర్‌లో అన్ని వర్క్‌స్పేసుల్లోనూ కనిపించే ఆప్షన్ ముందే ఉంది, అది ఈ పనే చేస్తుంది.

ఫైర్‌ఫాక్స్‌లో విడిగా తేలే వీడియో విండోని తనంతట తానే స్టికీ అయ్యేలా చేయడం ఎలా?

ఐ3, స్వేలో విండో టైటిల్ చూసి నియమం రాసుకోవచ్చు: ఫలానా టైటిల్ వస్తే ఫ్లోటింగ్ చేయి, స్టికీ చేయి. ఒక్క జాగ్రత్త. బ్రౌజర్‌ని తెలుగులో పెట్టుకుంటే టైటిల్ కూడా మారొచ్చు. నియమం పనిచేయకపోతే ముందు అసలు టైటిల్ ఏముందో చూసుకోండి.

వేలాండ్‌లో ఇదంతా ఎలా మారుతుంది?

అక్కడ విండో మేనేజర్ విడిగా ఉండదు, తెర మీద బొమ్మ కూర్చే కంపోజిటరే అన్నీ. రూట్ విండో లేదు, స్ట్రట్ లేదు. బార్ కోసం లేయర్ షెల్ అనే ప్రొటోకాల్ ఉంది. నాలుగు పొరలు: బ్యాక్‌గ్రౌండ్, బాటమ్, టాప్, ఓవర్లే. బార్ తన పొర చెప్పి, ఏ అంచుకి అతుక్కోవాలో చెప్పి, ఎంత చోటు వదలాలో ఒక్క అంకె ఇస్తుంది. పన్నెండు అంకెల లెక్క, రెండు మానిటర్ల తిప్పలు పోయాయి. ఈ ఒక్క విషయంలో వేలాండ్ నాకు బాగా నచ్చింది. స్వే, కేడీఈ దీన్ని అంగీకరిస్తాయి, గ్నోమ్ అంగీకరించదు.

స్టికీ సంగతి వేరు. మామూలు విండో తనని స్టికీ చేయమని అడిగే మార్గం అక్కడి ప్రధాన ప్రొటోకాల్‌లో లేదు. వాడేవాడు కంపోజిటర్‌లో నియమం రాసుకోవాలి. తెర ఎవరిదో వారే నిర్ణయించాలన్న పద్ధతి అది, అందులో న్యాయం ఉంది.

సిస్టమ్ ట్రే పెట్టాలా?

ట్రే అంటే నడుస్తున్న ప్రోగ్రాముల చిన్న గుర్తులుండే చోటు. మొదటి ప్రయత్నంలో వద్దు. ఎక్స్11లో వేరే ప్రోగ్రామ్ విండోని మీ బార్ లోపల పొదగాలి, వేలాండ్‌లో ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ మీద ఇంకో ప్రొటోకాల్ మాట్లాడాలి. బార్ మొత్తానికి పట్టే కోడ్ కంటే ట్రేకే ఎక్కువ పడుతుంది.

బార్‌ని దాచేసి అవసరమైనప్పుడే చూడొచ్చా?

చిన్న ల్యాప్‌టాప్ తెరల మీద నేను అలాగే వాడతాను. డీడబ్ల్యూఎంలో ఆల్ట్, బీ నొక్కితే బార్ పోతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. ఐ3బార్‌లో దాచే పద్ధతి పెడితే మాడిఫయర్ కీ పట్టుకున్నంతసేపే కనిపిస్తుంది, ఏదైనా విండో అర్జెంట్ జెండా ఎత్తితే తనంతట తానే బయటికి వస్తుంది. సొంతంగా రాసేవాళ్లు దాచే సౌకర్యం పెడితే ఈ రెండో సగం కూడా పెట్టండి: బ్యాటరీ 15 శాతం కంటే తగ్గిన క్షణాన, ఏ కీ నొక్కకపోయినా, బార్ పైకి రావాలి.